అచ్చంపేట నుంచి శ్రీశైలం, రోడ్డు సైకిల్ మీద: గేర్లు, బ్రేకులు, నీళ్ళు, గేటు టైము

నీలగిరి పెడలు
అందరికి నమస్తే. డిసెంబర్ రెండో వారంల ప్లాను. నలుగురం, అన్నీ రోడ్డు సైకిళ్ళే. అచ్చంపేట దాక కారు మీద వేసుకొని వస్తం. అక్కడ పొద్దుగాల ఎక్కి మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగ కృష్ణ దిగి, సుండిపెంట ఎక్కి, రాత్రికి శ్రీశైలం. తెల్లారి వాపసు.
క్రాంకు (పెడళ్ళ కాడి పళ్ళ చక్రాలు) 50/34, క్యాసెట్టు (వెనుక చక్రం పళ్ళు) 11-28, టైర్లు 25 మిల్లీమీటర్లు. రెండు సైకిళ్ళకు రిమ్ బ్రేకులు, రెండింటికి డిస్కు.
అడిగేటివి నాలుగే. 11-28తోని అయితదా? గేటు కాడ సైకిళ్ళను ఆపుతరా? నడుమ నీళ్ళు దొరుకుతయా? వాపసు వచ్చేటప్పుడు దోర్నాల, మాచర్ల, సాగర్ మీదుగ రావచ్చా?

అమ్రాబాద్ బాట
గేర్ల ముచ్చట తర్వాత. ముందు తొవ్వ ఎట్లుంటదో మనసుల పెట్టుకోండ్రి. అందరు "శ్రీశైలం ఘాటు" అని ఒక్క మాటల అంటరు గని అది ఒకటి కాదు, మూడు ముక్కలు.

మొదటిది రంగాపూర్ దాటినంక మన్ననూరు ఎక్కుడు. పొద్దుగాల, చల్లగ, కాళ్ళు తాజాగ ఉన్నప్పుడు వస్తది. దీనికి భయపడే పని లేదు. రెండోది మన్ననూరు నుంచి దోమలపెంట దాక అడివి. పటంల చదునుగ కొడతది, చదును కాదు. దిగుడు, ఎక్కుడు, మళ్ళ దిగుడు. ఒక్కటి కూడ పెద్దది ఉండదు, కాబట్టి జనం పెద్ద పళ్ళ మీదనే గుంజుకుంట పోతరు. కాళ్ళు అరిగేది ఇక్కడనే, తెలుస్తలేదంతే.

మూడోది అసలుది. ఈగలపెంట నుంచి మలుపులు మలుపులుగ కృష్ణలకు దిగుడు, బ్రిడ్జి దాటుడు, వెంటనే సుండిపెంటకు ఎక్కుడు. శ్రీశైలం జలాశయం నిండితే 885 అడుగులు, నాగార్జునసాగర్ నిండితే 590. సాగర్ నీళ్ళు వెనుకకు శ్రీశైలం డ్యామ్ కాళ్ళ దాక వస్తయి. బ్రిడ్జి డ్యామ్‌కు దిగువన ఉంటది, అంటే మీరు సాగర్ దిక్కు లోయల ఉన్నట్టు. కుడిచేతి దిక్కు గోడ అవతల నిలబడ్డ నీళ్ళు మీ నెత్తికంటె మస్తు పైన ఉంటయి. మామూలు కొండ దారిల ఎక్కినంక దిగుతం. ఇక్కడ 80 కిలోమీటర్లు తొక్కినంక గుంతలకు దిగి, అండ్ల నుంచి ఎక్కాలె. గాలి ఆడదు, రాళ్ళు వేడిని వాపసు కొడతయి. డిసెంబర్ల కూడ మధ్యాహ్నం రెండింటికి అక్కడ చలి అనేది ఉండదు.

అందుకే టైము వెనుక నుంచి లెక్క కట్టాలె. బ్రిడ్జి మీదికి పన్నెండింటికి రావాలె అనుకోండ్రి. మొత్తం దూరం దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. గంటకు 18 చొప్పున నడిస్తే ఐదున్నర గంటల తొక్కుడు, గంటన్నర ఆగుడు. అచ్చంపేటల ఆరింటికి కదిలితే ఒంటిగంటకు శ్రీశైలం. డిసెంబర్ల ఆరింటికి ఇంక చీకటే, ముందు లైటు, వెనుక లైటు రెండూ పెట్టుకోవాలె. ఏడున్నరకు కదులుతం అంటే ఆ లెక్క మొత్తం ఎండలకు జరుగుతది.

గేటు: మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక మూస్తరు, దోమలపెంట దిక్కు గూడ అదే టైము. పగలు సైకిల్ మీద పోవుడుకు అడ్డం లేదు, అది జాతీయ రహదారే, 765. గని మధ్యలో సైకిల్ చెడిపోయి చీకటయ్యేటట్టుంటే తొమ్మిది అయ్యేదాక కూసుండుడు కాదు, సాయంత్రం నాలుగింటికే బస్సుకు చేయి ఎత్తాలె.

లెక్కల బండి
11-28 గురించి అంకెల్లోనే చూద్దాం.

25 టైరు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. 34 పళ్ళు ముందు, 28 వెనక అంటే క్రాంకు ఒక చుట్టుకు 2.55 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 9.2 కిలోమీటర్లు. అదే వెనక 34 ఉంటే చుట్టుకు 2.1 మీటర్లు, గంటకు 7.6 కిలోమీటర్లు.

మనిషి 68 కిలోలు, సైకిల్ 9, నీళ్ళు సామాను 3, మొత్తం 80 అనుకోండి. 6 శాతం వాలులో గురుత్వం లాగేది 47 న్యూటన్లు, టైరు రాపిడి ఇంకో 5. వెనక 28తో 60 చుట్లు తిప్పాలంటే 133 వాట్లు కావాలి, 34తో 109 చాలు. 9 శాతం వాలులో 28తో 193, 34తో 159. గొలుసులో పోయే మూడు నాలుగు శాతం దీనికి అదనం.

తాజాగా ఉన్నప్పుడు 193 వాట్లు చాలామందికి ఐదు నిమిషాలు వస్తాయి. ఐదు గంటల తర్వాత, ఎండలో, అరగంట పైన రావు. అప్పుడు చుట్లు 60 నుంచి 45కి పడిపోతాయి, 34తో పోలిస్తే ప్రతి తొక్కులో మోకాలి మీద బలం ఎక్కువే పడుతుంది. మర్నాడు పొద్దున నొప్పి చెప్పేది మోకాలే.

ఇంకొకటి, పటంలో చూపే వాలు సగటు. హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచు ఎప్పుడూ సగటు కంటే నిటారుగా ఉంటుంది. ఎదురుగా, వెనక బండి రావడం లేదని ఖాయంగా తెలిస్తేనే బయటి అంచు పట్టండి, లేకుంటే మీ పక్కనే ఉండి మలుపుకు ముందే గేరు మార్చుకోండి.

కొండెక్కిన పిల్లి
28 చాలు అన్నా. లేచి నిలబడి తొక్కితే అయిపోతది. క్యాసెట్టుకు పైసలు దండుగ.

లెక్కల బండి
నిలబడితే శరీరం బరువు పెడలు మీద పడుతుంది నిజమే, కానీ గుండె వేగం కూడా పెరుగుతుంది. అర కిలోమీటరుకు మంచి ఉపాయం. సుండిపెంట ఎక్కుడుకు కాదు. మీ బరువు 55 కిలోలైతే మీ మాటే నిజం, వాదన లేదు.

పాలమూరు పాన
34 వేయమని చెప్పుడు అల్కగనే ఉంటది, వేసేటప్పుడే లొల్లి. నాలుగు చూసుకోండ్రి.

ఒకటి, వెనుక డిరైలర్, అంటే గొలుసును ఒక పన్ను మీదికెళ్ళి ఇంకో పన్ను మీదికి జరిపేది. షిమానో 105 ఆర్7000ల పొట్టి కేజీ (పుల్లీలు ఉండే చేయి) అయితే పెద్ద పన్ను 30 దాకనే, వదులు గొలుసును గుంజుకునే శక్తి మొత్తం 35 పళ్ళు. నడిమి కేజీ, అంటే జీఎస్, 34 దాక పోతది, శక్తి 39. మీకు కావలసింది లెక్క చేసుకోండ్రి: ముందు 50లకెళ్ళి 34 తీస్తే 16, వెనుక 34లకెళ్ళి 11 తీస్తే 23, మొత్తం 39. జీఎస్ సరిగ్గ సరిపోతది. పొట్టి కేజీ ఉన్నోళ్ళు 11-30 దగ్గర ఆగుడు మంచిది. డిరైలర్ వెనుక దిక్కు రాసి ఉంటది, చూసి కొనండ్రి. డబ్బా మీది పేరు చూసి కొంటే షాపు చుట్టు తిరుగుడే అయితది.

రెండు, స్పేసర్. షిమానో 11 గేర్ల 11-34 క్యాసెట్టు హెచ్‌జీ700, హెచ్‌జీ800 రకాలు కొండ సైకిళ్ళ హబ్బు (చక్రం నడుమ భాగం) వెడల్పుకు చేసినవి. రోడ్డు సైకిల్ 11 గేర్ల హబ్బు మీద వేసేటప్పుడు లోపల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేయాలె. అది లేకుంట లాక్‌రింగు ఎంత బిగించినా క్యాసెట్టు చేతికి కదులుతది, గేర్లు ఎగురుతయి. సెట్టింగు తప్పనుకొని మంది కేబులు తిప్పుకుంట కూసుంటరు. బిగింపు 40 న్యూటన్ మీటర్లు, అది లాక్‌రింగు మీదనే రాసుంటది.

మూడు, గొలుసు. 28కి కోసిన గొలుసు 34కి చాలది. గొలుసును ముందు పెద్ద పన్ను మీద, వెనుక పెద్ద పన్ను మీద వేసి, డిరైలర్‌లకెళ్ళి పోనియ్యకుంట చుట్టి, ఒక జోడు లింకులు ఎక్కువ ఉంచి కోయాలె. పొట్టి గొలుసుతోని పొరపాటున 50కి 34 వేసిండ్రనుకో, డిరైలర్ ముంగటికి గుంజుకపోయి హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) విరుగుతది. అడివిల హ్యాంగర్ విరిగితే ఇంక నడకనే. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిల పెట్టుకోండ్రి, దాని బరువు ఇరవై గ్రాములు గూడ ఉండదు. ఒకరి హ్యాంగర్ ఇంకొకరికి పట్టదు.

నాలుగు, బి స్క్రూ, అంటే డిరైలర్‌ను పళ్ళకు దగ్గర, దూరం జరిపే మర. 34 మీద ఉన్నప్పుడు పై పుల్లీకి పన్నుకు నడుమ ఐదారు మిల్లీమీటర్ల సందు ఉండాలె. తగులుతుంటె బర్రుమని సప్పుడొస్తది.

ఇవన్ని బయలుదేరే ముందురోజు కాదు, పది రోజుల ముందు చేసి, రెండుసార్లు 50 కిలోమీటర్లు తొక్కి చూడాలె. కొత్త కేబులు మొదట సాగుతది.

నీలగిరి పెడలు
స్పేసర్ సంగతి అస్సలు తెల్వదు, మంచిగ చెప్పిండ్రు. బ్రేకుల సంగతి కూడ చెప్పుండ్రి. రిమ్ బ్రేకులు ఉన్న ఇద్దరు జర భయపడుతున్నరు.

దిగుడు దెబ్బ
భయపడాల్సింది బ్రేకు రకానికి కాదు, పట్టే తీరుకి.

సైకిల్, మనిషి కలిపి 85 కిలోలు, వంద మీటర్ల ఎత్తు దిగారంటే 83 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. అది అర లీటరు నీళ్ళను 40 డిగ్రీలు వేడెక్కించేంత. ఇందులో గాలి ఎంత తింటుంది, బ్రేకు ఎంత తింటుంది అన్నదే అసలు సంగతి. 6 శాతం వాలులో 50 న్యూటన్లు లాగుతుంది. గంటకు 50 మీద గాలే 37 తినేస్తుంది, బ్రేకుకు ఏడెనిమిది మిగులుతుంది. గంటకు 25 మీద గాలి తినేది 9, టైర్లు 5, మిగతా 36 బ్రేకు మీదే. అంటే "మెల్లగా పోతే బ్రేకుకు మంచిది" అన్నది తప్పు. మెల్లగా, ఎడతెగకుండా పట్టి దిగడమే రిమ్మును కాల్చేది.

దీనర్థం 50లో దిగమని కాదు. తిన్నటి ముక్కల్లో 35 దాకా వదలండి, మలుపుకు ముందు గట్టిగా, కొద్దిసేపు, రెండు బ్రేకులూ కలిపి పట్టండి, వదిలేయండి. మలుపులో పట్టొద్దు. పట్టి పట్టి వదిలే మధ్యలో రిమ్ముకి గాలి తగులుతుంది. రెండు మూడు మలుపులకోసారి ఆగి రిమ్ము దగ్గరికి చెయ్యి పెట్టి చూడండి, అంటించొద్దు. సెగ తగిలితే ఐదు నిమిషాలు ఆగండి. డిస్కును అసలు ముట్టుకోవద్దు, వేడి డిస్కు మీద నీళ్ళు పోయొద్దు. వంగిపోతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకూ రుద్దుకుంటుంది.

రిమ్ బ్రేకు వాళ్ళకు: రిమ్ము పక్కన అరుగుదల గాడి ఉంటే వేలితో చూడండి. అది కనబడకుండా పోయి ఉంటే రిమ్ము పని అయిపోయినట్టే. లోపల ప్లాస్టిక్ రిమ్ టేపు ఉంటే గుడ్డ టేపు వేయండి, ప్లాస్టిక్‌ది వేడికి మెత్తబడి పుల్లల రంధ్రాల్లోకి జారుతుంది, అక్కడే ట్యూబు పగులుతుంది. పల్చటి టీపీయూ (ప్లాస్టిక్ రకం) ట్యూబులు రిమ్ బ్రేకు చక్రాలకు వద్దని తయారు చేసేవాళ్ళే చాలామంది చెబుతారు. మామూలు బ్యూటైల్ (నల్ల రబ్బరు) ట్యూబే వేసుకోండి. కార్బన్ రిమ్ములైతే ఈ దారికి అల్యూమినియం చక్రాలు అడిగి తెచ్చుకోండి.

డిస్కు వాళ్ళకు: ప్యాడు మందం అర మిల్లీమీటరుకి వస్తే మార్చాలి, షిమానో రోటరు (డిస్కు పళ్ళెం) 1.5కి వస్తే మార్చాలి, కొత్తది 1.8 ఉంటుంది. కొత్త ప్యాడ్లు వేసి నేరుగా ఘాటుకి రావొద్దు. చదును రోడ్డు మీద 25 వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం ఆగిపోకుండా, ఇరవై సార్లు పట్టి వదిలితే ప్యాడు కుదురుకుంటుంది. దిగుతుంటే లీవరు మెల్లమెల్లగా హ్యాండిల్ దాకా వస్తోందంటే లోపల నూనె మరుగుతోంది, అక్కడే ఆగాలి. మినరల్ ఆయిల్ సిస్టమ్‌లో డాట్ నూనె పోస్తే సీళ్ళు పాడవుతాయి, ఊళ్ళో బైకు మెకానిక్ దగ్గర దొరికేది డాట్ నూనే. కనుక నూనె పనులన్నీ ఇంట్లోనే ముగించుకోండి.

నలుగురూ వరుసగా, మనిషికీ మనిషికీ నాలుగైదు సైకిళ్ళ ఎడం. ఈ మలుపుల్లో పొడుగు బస్సులు అవతలి లైనులోకి వచ్చి తిప్పుకుంటాయి. అది డ్రైవరు తప్పు కాదు, ఆ పొడుగుకి వేరే దారి లేదు. హారన్ వినబడితే మలుపుకు ముందే ఎడమ అంచున ఆగి పోనివ్వండి.

కొండెక్కిన పిల్లి
35లో దిగితే కోతి అడ్డం వస్తే?

దిగుడు దెబ్బ
కోతులు గుంపుగా ఉన్న చోట 15. వాటి కళ్ళలోకి చూడొద్దు, ఆగొద్దు, తినేది చేతిలో పట్టుకోవద్దు. పిల్ల కోతి రోడ్డు దాటితే వెనక తల్లి వస్తుందని లెక్క.

కృష్ణొడ్డు
నీళ్ళ సంగతి నేను చెప్తా.

మన్ననూరుల అన్ని దొరుకుతయి. అక్కడినుంచి దోమలపెంట దాక నడుమ నమ్ముకోవలసింది వటవర్లపల్లి ఒక్కటే. చాయ, నీళ్ళ సీసాలు, టిఫిను అక్కడ చేయండ్రి. ఆకలైతలేదని దాటిపోవద్దు. తర్వాత దోమలపెంట, ఈగలపెంట. ఈగలపెంటల నిండ నింపుకొనే దిగాలె, ఎందుకంటె కింద ఎక్కువసేపు ఉండరు గని నీళ్ళు ఖర్చయ్యేది ఆ తర్వాతి ఎక్కుడులనే.

డిసెంబర్ల మనిషికి గంటకు అర లీటరు, ఎక్కుడుల ముప్పావు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోతయి. ఏప్రిల్, మే నెలల ఈ తొవ్వ వద్దనే చెప్తా.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, డబ్ల్యూహెచ్‌ఓ లెక్కది, 20.5 గ్రాములు, పూర లీటరు నీళ్ళకు. సైకిల్ సీసాల ముప్పావు లీటరే పడతది, అండ్ల మొత్తం ప్యాకెట్టు కలిపితే చిక్కనైతది, కడుపు తిప్పుతది. లీటరు సీసాల కలిపి అండ్లకెళ్ళి పోసుకోండ్రి. ఒక సీసాల ఓఆర్‌ఎస్, ఒక సీసాల ఉత్త నీళ్ళు. పండ్ల రసం తీరు తియ్యగ డబ్బాల అమ్మేటివి అన్ని ఓఆర్‌ఎస్ కావు, వెనుక రాసింది చదవండ్రి.

తిండి గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పోవాలె. ఒక మోస్తరు అరటిపండు 25 గ్రాములు. అరటిపండ్లు, ఖర్జూరాలు, ఇడ్లీ మంచివి. పల్లీపట్టి అందరు తెస్తరు గని అండ్ల నూనె ఎక్కువ, మెల్లగ అరుగుతది. అది వటవర్లపల్లిల తినుడుకు సరే, సుండిపెంట ఎక్కుడుకు ముందు వద్దు. మిర్చి బజ్జీలు శ్రీశైలం చేరినంక.

నల్లగొండ దిక్కు తొక్కెటోళ్ళకు ఒక మాట. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటదని సీసా నింపుకొనుడుకు భయపడతరు. ఫ్లోరోసిస్ ఏండ్లకేండ్లు తాగితే వచ్చేది, ఒక్క సీసాతోని ఏం కాదు. నల్లా నీళ్ళుంటే అవే పట్టుకోండ్రి, రుచి కూడ మంచిగుంటది.

పాలమూరు పాన
పంచర్లు ఎవ్వరు అడగలే, గని ఈ జిల్లాల అసలు బాధ అదే. ఎక్కువ పంచర్లు మేకులతోని కావు. పల్లేరుగాయలు, సర్కారు తుమ్మ ముండ్లు. పల్లేరుగాయ రోడ్డు అంచు మట్టిల ఉంటది, బస్సుకు దారి ఇచ్చుడుకు పక్కకు దిగినప్పుడు గుచ్చుకుంటది. తుమ్మ ముల్లు ఇంక పాడుది, సగం విరిగి టైరు లోపల దాగుంటది. ట్యూబు మార్చి గాలి కొట్టంగనే మళ్ళ పోతది. పాత ట్యూబుల రంధ్రం ఏడుందో చూసి, వాల్వు కాడికెళ్ళి కొలిచి, టైరుల అదే జాగల లోపలి దిక్కు గుడ్డతోని తుడిచి చూడాలె. గుడ్డ చిక్కుకుంటది. ముల్లు సన్న చిమటతోని గుంజాలె, గోరుతోని రాదు. చిమట లేనోళ్ళు ఈ దిక్కు రావద్దని నా అభిప్రాయం, నవ్వినా సరే.

ఊరి సైకిల్ షాపుల మీ ట్యూబు దొరకది. అక్కడ ఉండేది 28 × 1½ పాత సైకిల్‌ది, దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, మీది 622. వాల్వు కూడ మందం, దానికి రిమ్ముల 8.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలె, మీది ప్రెస్టా, అంటే సన్న వాల్వు, దాని రంధ్రం 6.5. పట్టదు. అందుకే మనిషికి రెండు ట్యూబులు, ప్యాచీలు ఆరు, ప్రెస్టా నుంచి మోటరు సైకిల్ వాల్వుకు మార్చే ఇత్తడి టోపీ ఒకటి. ఆ టోపీ ఉంటే లారీ పంచరు షాపుల గాలి కొట్టించుకోవచ్చు. అయితే కంప్రెసర్ తుపాకి ఒక్కసారే నొక్కుతరు, సన్న టైరు రెండు సెకన్లల్ల నిండి టప్పుమంటది. చిటికెలు వేసినట్టు కొద్దికొద్దిగ నొక్కమని చెప్పాలె.

టైరు కోసుకుపోతే లోపల పది రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టి వేస్తరు, ఇంటిదాక వస్తది. బిస్కెట్ ప్యాకెట్ కాగితం ఇంక గట్టిది.

ట్యూబులెస్ వాళ్ళు: మన ఎండలకు సీలెంటు (రంధ్రం మూసే ద్రవం) రెండు మూడు నెలలల్ల పెరుగు తీరు గడ్డకడతది. ఊపి చూడండ్రి, సప్పుడు రాకుంటె పోయాలె.

ఫ్రేముల జాగ ఉంటే 28 టైర్లు వేయండ్రి. 68 కిలోల మనిషికి వెనుక 75 పీఎస్ఐ, ముందు 70 మంచిగుంటది. హుక్‌లెస్ (అంచుకు కొక్కెం లేని) రిమ్ములు ఉన్నోళ్ళు 73 దాటొద్దు, రిమ్ము మీద రాసిన అంకె అంతకు తక్కువుంటె అదే ఆఖరి మాట.

డిండి గాలి
వాపసు దారి గురించి. దోర్నాల మీదుగ రావచ్చు, గని "తెల్లారి వాపసు" అయ్యే పని కాదు. శ్రీశైలం నుంచి దోర్నాల సుమారు 50 కిలోమీటర్లు, అంత అడివి, ఆంధ్ర దిక్కు కూడ రాత్రి గేటు ఉంటది. అక్కడినుంచి యర్రగొండపాలెం, మాచర్ల, సాగర్. సాగర్‌కే 150 పైన అయితది. సాగర్ నుంచి హాలియా మీదుగ నల్లగొండ ఇంకో 60 పైన. మాచర్లల రాత్రి ఆగి మూడు రోజులు చేస్తే మంచి చుట్టు. రెండు రోజులే ఉన్నయంటే వచ్చిన తొవ్వల్నే పోండ్రి.

మూడు రోజులు చేసేటోళ్ళకు. యర్రగొండపాలెం నుంచి నల్లగొండ దాక 565 జాతీయ రహదారి. సాగర్ డ్యామ్ మీదికెళ్ళి పోనియ్యరు, దిగువ బ్రిడ్జి మీదికెళ్ళే. హిల్ కాలనీ దిక్కు జర ఎక్కుడుంటది. హాలియా చుట్టు అంత ఎడమ కాలువ ఆయకట్టు, వరి. డిసెంబర్ల కోతలు అయిపోతుంటయి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, అంచుకు రాళ్ళు పెడతరు. సాయంత్రం వడ్లు ఎత్తుకపోతరు గని రాళ్ళు మర్చిపోతరు. చీకట్ల ముందు లైటు కిందికి వంచి పెట్టుకోండ్రి. వడ్ల మీదికెళ్ళి పోవద్దు, అది రైతు తిండి, పైగ సన్న టైరు వడ్ల మీద సబ్బు తీరు జారుతది. ట్రాక్టర్లు కేజీ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) తోని రోడ్డెక్కిన చోట తారు మీద అడ్డం గీతలు పడి ఉంటయి, హ్యాండిల్ గట్టిగ పట్టకుంటె చేతులు తిమ్మిరెక్కుతయి.

గాలి: డిసెంబర్ల పెద్ద ఇబ్బంది లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాక పడమటి గాలి. డిండి చెరువు కట్ట కాడ, గద్వాల, అలంపూర్ దిక్కు అది ఎదురైతే చదును మీద కూడ వేగం గంటకు 16 దాటది.

ఘాటు వద్దు, నది కావాలె అనే కొత్తోళ్ళు ఉంటే గద్వాల నుంచి జూరాల డ్యామ్ మీదికెళ్ళి ఆత్మకూరు పోయి రావచ్చు, ఎక్కుడు లేదు. కొల్లాపూర్ నుంచి సోమశిల కూడ మంచిదే, గని నది కాడ రోడ్డు అయిపోతది. అవతలికి పడవనే, సైకిల్‌ను ఎక్కించాలంటె లైఫ్ జాకెట్టు అడిగి తొడుక్కోండ్రి, మందిని ఎక్కువ ఎక్కిస్తుంటె దిగిపోండ్రి.

అమ్రాబాద్ బాట
అడివి సంగతి మిగిలింది. ఇది 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు పులుల అభయారణ్యం, మీరు పోయేది దాని నడుమకెళ్ళి. రోడ్డు దిగి లోపలికి పోవద్దు, ఫోటో కోసం కూడ. పులికంటె ఎలుగుబంటితోనే జాగ్రత్త. సైకిల్‌కు సప్పుడు ఉండదు, అది మిమ్ములను వినది, ఒక్కసారి ఎదురైతే బెదిరి మీదికొస్తది. పొద్దుగాల మంచులో మలుపుల కాడ గంట కొట్టుకుంట, మాట్లాడుకుంట పోవుడు మంచిది. ఎదురైతే ఆగి, సైకిల్‌ను నడుమ అడ్డం పెట్టుకొని, మెల్లగ వెనుకకు జరగాలె. తిరిగి ఉరకొద్దు.

ప్లాస్టిక్ ఒక్క ముక్క కింద వేయొద్దు. జెల్ ప్యాకెట్టు చింపిన మూల కూడ జేబులకే. చెంచుల పెంటల (గూడేల) కాడ ఎవ్వరినీ అడగకుంట ఫోటోలు తీయొద్దు.

చాలా జాగలల్ల ఫోను సిగ్నల్ ఉండది. దారి పటం ముందే ఫోనుల దించుకోండ్రి. నలుగురు విడిపోతే "వటవర్లపల్లిల కలుస్తం, తర్వాత దోమలపెంటల" అని ముందే మాట ఉండాలె.

ఏ రోజులు వద్దు అంటే: శివరాత్రి, ఉగాది ముందటి వారాలు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, వర్షాకాలంల డ్యామ్ గేట్లు ఎత్తిన శని, ఆదివారాలు. గేట్లు ఎత్తితే చూడవచ్చిన కార్లు ఘాటు మలుపులల్లనే ఆపుతరు, సైకిల్ పోను సందు కూడ ఉండది. మీరు డిసెంబర్ అంటున్నరు, ఆదివారం కాకుంట చూసుకోండ్రి, అయ్యప్ప మాలధారుల బండ్లు కూడ ఉంటయి.

నీలగిరి పెడలు
అందరికి శనార్తులు. మార్చుకున్న ప్లాను: మంగళవారం పోయి బుధవారం వాపసు, వచ్చిన తొవ్వల్నే. నాలుగింట్ల మూడు సైకిళ్ళకు జీఎస్ డిరైలర్లే ఉన్నయి, 11-34 వేస్తున్నం. ఒకటి పొట్టి కేజీ, దానికి 11-30. టైర్లు 28. అచ్చంపేటల ఆరింటికి కదులుడు, ఈగలపెంటల పదకొండున్నర.
ఇంక రెండే అడుగుత. బుధవారం పొద్దుగాల లేవంగనే సుండిపెంట దిగి ఈగలపెంట ఎక్కాలె కదా, చల్లటి కాళ్ళతోని ఎట్ల? ఒకవేళ ఒకరికి చాతకాకుంటె బస్సుల సైకిల్ ఎట్ల ఎక్కించాలె?

లెక్కల బండి
దిగేటప్పుడు కాళ్ళు ఆపేయకుండా, బలం పెట్టకుండా తిప్పుతూనే ఉండండి, పొద్దున దిగుడులో కండరాలు చల్లబడేది ఆగిపోయినప్పుడే. సన్నటి గాలి జాకెట్టు దిగుడుకు తొడుక్కొని బ్రిడ్జి దగ్గర విప్పండి. ఎక్కుడు మొదటి పది నిమిషాలు 34కి 34లోనే, మాట్లాడగలిగే ఊపిరితో. మొదటి రోజు మిగిలిన బలమంతా అక్కడ చూపించాలనిపిస్తుంది, ఆ తర్వాత మన్ననూరు దాకా ఇంకా అలలు ఉన్నాయి.

పాలమూరు పాన
బస్సు: చేయి ఎత్తేముందే రెండు చక్రాలు తీసి సిద్ధంగ ఉంటే కండక్టర్ ఒప్పుకునుడు అల్క. మొత్తం సైకిల్ చూస్తె "జాగ లేదు" అంటరు. లగేజీ టికెట్టు అడిగి తీసుకోండ్రి. డిక్కీల పెట్టేటప్పుడు డిరైలర్ ఉన్న దిక్కు పైకి, గొలుసు చిన్న పన్ను మీద. డిస్కు సైకిల్ అయితే చక్రం తీసినంక లీవరు ముట్టొద్దు, ప్యాడ్లు దగ్గరికొచ్చి మూసుకుంటయి, చక్రం మళ్ళ దూరది. ప్యాడ్ల నడుమ పెట్టుడుకు పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క సైకిల్‌తోని వస్తది, పారేసి ఉంటరు. అట్టముక్క మూడు మడతలు పెట్టినా పని నడుస్తది. త్రూ యాక్సిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ఇరుసు కడ్డీ) తీసినంక దాన్ని మళ్ళ ఫ్రేముకే బిగించి పెట్టండ్రి, జేబుల వేసుకుంటె బస్సులనే ఉండిపోతది.

నీలగిరి పెడలు
పసుపుపచ్చ ముక్కలు రెండు దొరికినయి, పనిముట్ల డబ్బల. చిమట కూడ కొన్న అన్నా.